పది అంకెలకు పది బైట్లు

కిరాణా కొట్టు కాటా మీద, పెట్రోల్ బంకులో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎర్రగా వెలిగే అంకెలు చాలావరకు ఏడు గీతల పుణ్యమే. వాటినే సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేలు అంటారు. ప్రతి గీత వెనకా ఎల్‌ఈడీ వెలుగే. పై గీత నుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అని పేర్లు పెట్టారు. నడుమ అడ్డగీత జి. ఏడూ వెలిగితే 8, ఎ, బి, సి మాత్రమే వెలిగితే 7.

ఇంజినీరింగ్ విద్యార్థులకు బాగా తెలిసిన ఆర్డుయినో ఊనో బోర్డుతో ఈ డిస్‌ప్లేని నడపవచ్చు. ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్‌తో నడిచే ఆ బోర్డుకు 14 డిజిటల్ పిన్‌లున్నాయి. 0, 1 పిన్‌లు కంప్యూటర్‌తో సంభాషణకు కావాలి కనుక వాటిని వదిలి, 2 నుంచి 8 వరకు ఉన్న పిన్‌లను ఒక్కో రెసిస్టర్ మీదుగా ఏడు గీతలకు కలుపుతారు.

కొత్తగా నేర్చుకునేవారు ఒక్కో అంకెకు ఏడు ఆదేశాలు రాస్తారు. పది అంకెలకు 70 వరుసలు! ఒక్క వైరు పక్క పిన్‌లోకి మారిందంటే ఆ పది చోట్లా వెతికి దిద్దాలి.

సి భాషలోని అర్రే ఈ బాధ తప్పిస్తుంది. 2, 3, 4, 5, 6, 7, 8 అని పిన్ నంబర్లను ఒకే వరుసలో రాసి పేరు పెడితే చాలు, మిగతా పని చిన్న లూప్ చూసుకుంటుంది. అర్రేలో లెక్క 0 నుంచి మొదలవుతుంది. మొదటి గడి నుంచి ఎన్ని గడులు జరగాలో చెప్పేదే ఆ సంఖ్య కాబట్టి మొదటి గడికి 0. పిన్‌లు వరుసగానే ఉండాలన్న నియమమూ లేదు. బ్రెడ్‌బోర్డ్ మీద వైర్లు ఎటు వీలైతే అటు పోనివ్వండి, అర్రేలో ఆ నంబర్లే రాయండి. ఏ గీత ఏ పిన్‌కు వెళ్లిందన్న సంగతి ఆ ఒక్క వరుసకే తెలుసు. అర్రే చేసే అసలు మేలు ఇదే.

ఏ అంకెకు ఏ గీతలు వెలగాలో చెప్పడానికి రెండో అర్రే కావాలి. ఎ గీతకు 1, బికి 2, సికి 4, అలా రెట్టింపవుతూ జికి 64 విలువ ఇవ్వండి. 4 అంకెకు బి, సి, ఎఫ్, జి వెలగాలి: 2, 4, 32, 64 కలిపితే 102. ఇలా 0 నుంచి 9 దాకా 63, 6, 91, 79, 102, 109, 125, 7, 127, 111. ఏడుకు కోడ్ కూడా ఏడే కావడం ముచ్చటైన యాదృచ్ఛికం. ఎక్కాలు కంఠతా వచ్చినవాడు గుణించకుండానే జవాబు చెప్పినట్టు, ప్రోగ్రామ్ పట్టికలోకి చూసి ఒక్కో బిట్‌ను ఒక్కో పిన్‌కు పంపుతుంది. 70 గడుల పూర్ణాంకాల పట్టిక ఇక్కడ 140 బైట్లు తినేది. ఇది 10 బైట్లతో సరిపెడుతుంది. ర్యామ్ మొత్తం 2048 బైట్లే ఉన్న చిప్‌లో ఈ పొదుపు విలువైనది. ఉల్టా పద్ధతిలో, అంటే పిన్ సున్నాకు దిగితే వెలిగే డిస్‌ప్లే దొరికినా పట్టిక మార్చనక్కర్లేదు, పంపేముందు బిట్లను తిరగేస్తే సరి.

జాగ్రత్తపడాల్సింది హద్దు దగ్గర. పది గడుల అర్రేలో చివరి గడి 9. లూప్‌ను 10 దాకా పోనిస్తే సి భాష అడ్డుపడదు, పక్క బైట్‌లో ఉన్నదేదో చదివి డిస్‌ప్లే మీద పిచ్చి ఆకారం చూపిస్తుంది. హద్దు దాటి రాస్తే ఇంకా ప్రమాదం, పక్కనున్న వేరియబుల్ చెడిపోవచ్చు. ఇలాంటి చొరబాటును పసిగట్టి ప్రోగ్రామ్‌ను ఆపే మెమరీ రక్షణ ఈ చిప్‌లో లేదు.

ఆర్డుయినో లైబ్రరీ లోపలా ఇలాంటి అర్రేలే ఉన్నాయి. పిన్ నంబరు ఇస్తే అది ఏ పోర్టు, అందులో ఎన్నో బిట్ అన్నది పట్టిక చూసే తెలుసుకుంటుంది. అందువల్ల కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యమైనా ఒక సౌలభ్యం ఉంది: 13వ పిన్ ఊనోలో బి పోర్టు 5వ బిట్, మెగా బోర్డులో అదే పోర్టు 7వ బిట్. ఆ పిన్‌ను వెలిగించే ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే రెండు బోర్డుల మీదా నడుస్తుంది.