కూల్చి చూశాకే... అల్లారు!

ఊళ్లో ఫోన్లన్నీ ఒకే ఎక్స్ఛేంజీకి కలిపి ఉన్నాయనుకోండి. దానిమీద బాంబు పడితే? ఊరంతా మూగబోతుంది. 1960 ప్రాంతంలో అమెరికా సైన్యానికి కంటిమీద కునుకు లేకుండా చేసిన భయం ఇదే. సోవియట్ అణుదాడితో టెలిఫోన్ వ్యవస్థ కుప్పకూలితే, యుద్ధం మొదలుపెట్టమనడానికే కాదు... ఆపమనడానికీ దారి ఉండదు!

ఈ సమస్యను తలకెత్తుకున్నాడు పాల్ బారన్. 1926లో అప్పటి పోలండ్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరిన ఇంజినీరు. 1959లో రాండ్ కార్పొరేషన్‌లో ఉద్యోగంలో చేరాడు. చేపలవలలో నాలుగు ముడులు తెగినా మిగతా వల నిలుస్తుంది కదా... సమాచార వ్యవస్థనూ అలాగే కేంద్రమంటూ లేకుండా అల్లితే?

ఆలోచన బాగానే ఉంది. పనిచేస్తుందని తెలిసేదెలా? దేశమంతా తీగలు లాగి, బాంబులేసి చూడలేరుగా! అందుకే బారన్ ఆ వలను కంప్యూటర్లో అల్లాడు. అడ్డంగా 18, నిలువుగా 18... మొత్తం 324 కూడళ్లు. వాటిలో కొన్నింటిని లెక్కల్లోనే 'పేల్చేసి', మిగిలినవాటిలో ఎన్ని మాట్లాడుకోగలవో చూశాడు. తీగల సంఖ్య పెంచుతూ మళ్లీ మళ్లీ పరీక్షించాడు. అన్నిటినీ కలపడానికి కనీసం కావాల్సిన తీగలకు మూడు నాలుగు రెట్లుంటే చాలు... భారీ దాడి తర్వాతా వల నిలుస్తుందని తేలింది.

మరి సందేశం దారెలా వెతుక్కోవాలి? దాన్ని చిన్న ముక్కలుగా చేసి పంపాలన్నాడు. చేతిలో కాలుతున్న బంగాళాదుంపను పక్కవాడికి విసిరేసినట్టు, ప్రతి కూడలీ తనకొచ్చిన ముక్కను వెంటనే పక్కదానికి పంపేయాలి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి! దీన్ని పరీక్షించే ప్రోగ్రామును షార్లా బోమ్ అనే ప్రోగ్రామర్ ఫోర్ట్రాన్ భాషలో రాసింది. ఏ దారి ఎటు పోతుందో తెలియకుండా మొదలైన 49 కూడళ్ల వల, సందేశాలు తిరిగేకొద్దీ తనంతట తానే దారులు నేర్చుకుంది.

1964లో ఇదంతా 11 సంపుటాలుగా వెలువడింది. కానీ టెలిఫోన్ దిగ్గజం ఏటీ అండ్ టీ 'ఇది జరిగే పని కాదు' అనేసింది. బారన్ వల కాగితాల్లోనే ఉండిపోయింది. 1965లో బ్రిటన్ శాస్త్రవేత్త డొనాల్డ్ డేవిస్ సొంతంగా అదే ఆలోచనకు వచ్చి, ఆ ముక్కలకు 'ప్యాకెట్' అని పేరుపెట్టాడు. 1969లో మొదలైన ఆర్పానెట్ ఆ పద్ధతిలోనే నడిచింది. అదే ఇంటర్నెట్‌కు పునాది.

2008 జనవరిలో ఈజిప్టు తీరం దగ్గర సముద్రం అడుగున కేబుళ్లు తెగాయి. మన దేశంలో ఇంటర్నెట్ బాగా నెమ్మదించింది... ఆగిపోలేదు. మిగిలిన దారులు ఆదుకున్నాయి. దారులు ఎక్కువుంటే వల నిలుస్తుందని అంతకు నాలుగు దశాబ్దాల ముందే బారన్ కంప్యూటర్ లెక్కకట్టి చెప్పింది మరి!