ఆటలో బాటలు వేయు విద్య

కంప్యూటరులోని మోటారు పందెపుటాటలన్నంతనే కాలహరణమని పలువురు తల్లులు తలంతురు. ఆ యాటలకు దారులను స్వయముగా నిర్మించు విద్య యొకటి కలదని సోదరీమణులకు దెలుప నెంచితిమి.

ర్యాలీ యనగా బండ్లన్నియు నొక్కుమ్మడి పరుగెత్తు పందెము గాదు. ఒక్కొక్క బండి విడివిడిగా బోవును, గడియారమే ప్రత్యర్థి. 2001లో జగజ్జేతయైన రిచర్డ్ బర్న్స్ పేర 2004లో వెలువడిన ఆటకు అభిమానులు నేటికిని క్రొత్త దారులు కూర్చుచున్నారు.

నిర్మాణక్రమము ముగ్గువంటిది. మొదట పటముపై చుక్కలుంచి వంపుగీతతో గలుపవలెను. పిమ్మట నేల యెత్తుపల్లములు, బాట వెడల్పు, మలుపులయందలి వాలు, మట్టిదారియో తారుదారియో నిర్ణయింపవలెను. 2000 ఫిబ్రవరిలో అంతరిక్షనౌకనుండి కొలిచిన యెత్తులు ఉచితముగా లభించును. కాని అందు సుమారు 30 మీటర్లకొక కొలతయే యుండును. మా గూడూరు ప్రాంతపు చెఱువుకట్ట యంచులును, కాలువపై తూములును స్పష్టముగా గానరావు. వానిని కన్నులార జూచి చేర్చవలసినదే. తుదకు, చోదకుని ప్రక్కన గూర్చుండి రాబోవు మలుపులను చదివి చెప్పు తోడిమనిషి పలుకులును వ్రాయవలెను.

నిజమైన వీథులలో పందెము నడుపుట సులభము గాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుసేను సాగరతీరమున, 18 మలుపులుగల సుమారు 2.8 కిలోమీటర్ల దారిలో విద్యుత్ కార్ల పందెము జరిగెను. అందులకై నగరవీథులు మూయవలసి వచ్చెను. మఱుసటి యేటి పందెము రద్దయ్యెను. ఆటలోని బాటకు ఎవరి వీథియు మూయ నక్కఱలేదు. పొరపాటునకు ప్రాణము వెల గాదు.

ఊరిబాట బడికి బోవు పిల్లలది, పశువులది, ముదుసళ్లది. వేగమును గోరు కుమారునితో గాని కుమార్తెతో గాని "ఆడవలదు" అనుటకంటె "నీవే యొక దారి కట్టి చూపుము" అనుట మేలని మా యభిప్రాయము.