పెరోవ్‌స్కైట్ సోలార్ పలకలు: లోపం ఎక్కడుంది?

అపోహ: పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్‌లో లోపమంటే పగులో, మరకో.

వాస్తవం: అసలు లోపాలు కంటికి కనబడవు. పెరోవ్‌స్కైట్ అనే ఈ సీసం-అయోడిన్ స్ఫటికంలో అయోడిన్ అయాన్ ఉండాల్సిన చోట ఖాళీ, ఒక అయాన్ జాగాలో మరొకటి, పైపొరలో తోడు కుదరని సీసం అయాన్: ఇవీ ఆ లోపాలు. వెలుతురుకు కదిలిన ఎలక్ట్రాన్ తీగను చేరకముందే అక్కడ చిక్కుకుంటే దాని శక్తి వేడిగా పోతుంది, వోల్టేజి పడిపోతుంది. కాగితానికి సూదిబెజ్జాలు పడటం తెలిసిందే. అర మైక్రాన్ మందమున్న పెరోవ్‌స్కైట్ పూతకూ అలాంటివి పడతాయి. కానీ అవి పైకి తేలే తప్పులు. పూత నున్నగా ఉన్నా ఖాళీలు లోపలే ఉంటాయి.

అపోహ: పెరోవ్‌స్కైట్ కూడా సిలికాన్ అంత శుద్ధంగా ఉంటేనే పనిచేస్తుంది.

వాస్తవం: సిలికాన్‌ను 1,400 డిగ్రీల పైన కరిగించి స్ఫటికంగా పెంచుతారు. పెరోవ్‌స్కైట్ ద్రావణాన్ని పూసి, సుమారు 100 నుంచి 150 డిగ్రీల దగ్గర ఆరబెడితే చాలు. ఇంత తొందరలో పుట్టిన స్ఫటికంలో లోపాలు లెక్కకు మిక్కిలి. విశేషమేమిటంటే, వాటిలో చాలావరకు ఎలక్ట్రాన్‌ను గట్టిగా పట్టుకోలేవు. నష్టం ఎక్కువగా పైపొరలోనూ, స్ఫటికపు రేణువులు కలిసే అంచుల్లోనూ జరుగుతుంది. 2009లో జపాన్‌లో మియాసకా బృందం సాధించిన సామర్థ్యం 3.8 శాతం, నేడు ప్రయోగశాలల్లో అది 26 శాతం దాటింది. ఈ పెరుగుదలలో పెద్ద వాటా పూత నాణ్యతది, అంచులకు చేసిన చికిత్సది.

అపోహ: ఆ చికిత్స ఎంత ఎక్కువైతే అంత మేలు.

వాస్తవం: నైట్రోజన్, గంధకం లేదా ఆక్సిజన్ ఉన్న కొన్ని అణువులు తమ ఎలక్ట్రాన్ జతను సీసానికి అందించి లోపాన్ని కప్పుతాయి. ఆ పొర మందమైతే కరెంటుకే అడ్డం. పూతలో మిగిలిపోయే లెడ్ అయోడైడ్‌దీ (సీసం, అయోడిన్‌ల సమ్మేళనం) ఇదే తీరు: చిటికెడైతే అంచులకు రక్ష, ఎక్కువైతే వెలుతురుకు తానే విడిపోతుంది.

అపోహ: మండే ఎండల ఉత్తర తెలంగాణకు ఇవి సరిగ్గా సరిపోతాయి.

వాస్తవం: వెలుతురు లాభమే, వేడి కాదు. వేడెక్కే కొద్దీ అయోడిన్ అయాన్లు ఖాళీ నుంచి ఖాళీకి గెంతుతాయి. వానాకాలపు తేమ అంచుల గుండా లోపలికి దిగుతుంది. అందుకే 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచి పరీక్షిస్తారు. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే సంస్థలో పెరోవ్‌స్కైట్ సెల్స్ మీద పరిశోధన సాగుతోంది. ఈలోగా రామగుండం జలాశయంపై 2022లో పూర్తయిన ఎన్‌టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటులో ఉన్నవి సిలికాన్ పలకలే.