మీకు తెలుసా? కాలయంత్రం దిగితే తెనాలి కవి!

1991లో వచ్చిన ‘ఆదిత్య 369’లో ప్రొఫెసర్ రామదాసు తయారుచేసిన కాలయంత్రం కథానాయకుణ్ణి శ్రీకృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్తుంది. అక్కడ కనిపిస్తాడు, మన గుంటూరు జిల్లా తెనాలి పేరును ఊరూరా మోగించిన రామకృష్ణ కవి. వేషం చంద్రమోహన్‌ది. నిడివి తక్కువే, కానీ సినిమాకు ఆ పాత్ర చేసిన మేలు పెద్దది. సైన్స్ ఫిక్షన్ అప్పటికి మనకు కొత్త. ఆ కొత్తలో చిన్నప్పటి నుంచీ కథల్లో ఎరిగిన మనిషిని ఎదురుపెట్టి, అయిదు వందల ఏళ్ల దూరాన్ని దగ్గర చేశారు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. ఎంత సెట్టింగు వేసినా ఆ చనువు రాదు.

1956 నాటి ‘తెనాలి రామకృష్ణ’లో ఈ కవిగా అక్కినేని, రాయలుగా ఎన్టీఆర్ నటించారు. ‘ఆదిత్య 369’లో రాయలు ఎన్టీఆర్ కుమారుడు బాలకృష్ణే.