అండాశయ కాన్సర్ ఎక్కడ మొదలవుతుంది?

రొమ్ములో గడ్డ ఉంటే చేతికి తగులుతుంది. గర్భాశయ ముఖద్వారంలో మార్పు వస్తే పాప్ పరీక్షలో తెలుస్తుంది. అండాశయం అలా కాదు. పొత్తికడుపు లోతులో, చిన్న బాదంకాయంత ఉండి, కంటికీ చేతికీ అందదు. అందుకే ఎక్కువమందిలో అండాశయ కాన్సర్ పొట్టలో వ్యాపించాకే బయటపడుతుంది. "ఇంత ముదిరేదాకా ఎలా తెలియలేదు డాక్టరుగారూ?" అని బంధువులు బాధతో అడుగుతుంటారు. గత పాతికేళ్ల పరిశోధనలు ఈ ప్రశ్నకు కొంత జవాబు చెప్పాయి. ఆ జవాబు తెలిస్తే మన ఇళ్లలోని స్త్రీలు ఏ జాగ్రత్త తీసుకోవాలో కూడా తెలుస్తుంది.

నారు ఒకచోట, నాటు మరోచోట

గర్భసంచికి రెండు పక్కలా రెండు సన్నని గొట్టాలు ఉంటాయి. వీటిని ఫాలోపియన్ ట్యూబులు అంటాం. ఒక్కొక్కటి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ట్యూబు చివర చీర కొంగు కుచ్చుల మాదిరిగా విడివడి, అండాశయం పక్కనే ఉంటుంది. నెలనెలా విడుదలయ్యే అండాన్ని అందుకునేది ఈ కుచ్చులే.

ఈ కాన్సర్ అండాశయం పైపొరలోనే పుడుతుందని డాక్టర్లు చాలాకాలం అనుకున్నారు. 1994, 1995 సంవత్సరాలలో బి.ఆర్.సి.ఎ-1, బి.ఆర్.సి.ఎ-2 అనే జన్యువులను గుర్తించారు. వీటిలో లోపం ఉన్నవారికి రొమ్ము, అండాశయ కాన్సర్లు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. అలాంటి కుటుంబాల స్త్రీలు కొందరు ముందుజాగ్రత్తగా అండాశయాలను, ట్యూబులను తీయించుకోసాగారు. 2001లో నెదర్లాండ్స్ వైద్యులు అలాంటి 12 మంది ట్యూబులను మైక్రోస్కోప్ కింద చూశారు. సగం మందిలో ట్యూబు లోపలిపొరలో కాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు కనిపించాయి. తర్వాత అమెరికాలోని బోస్టన్ నగర పాథాలజీ వైద్యులు ట్యూబు చివరి కుచ్చులను పలుచని ముక్కలుగా కోసి, ఏ భాగమూ వదలకుండా పరీక్షించే పద్ధతి తెచ్చారు. ఆ మార్పులు ఎక్కువగా కుచ్చులలోనే ఉన్నాయని తేలింది.

అంటే నారు పోసేది ట్యూబు చివర, నాటుకుని పెరిగేది అండాశయం మీద. పెద్ద గడ్డ అండాశయం మీద కనిపించడం వల్ల అది అక్కడే పుట్టిందని అందరూ అనుకున్నారు.

కణం మెట్టుమెట్టుగా ఎలా మారుతుంది?

మొదటి మెట్టు: అండం విడుదలైన ప్రతిసారీ దానితోపాటు వచ్చే ద్రవం కుచ్చులను తడుపుతుంది. ఆ ద్రవంలోని కొన్ని పదార్థాలు కణాల జన్యువులను దెబ్బతీయగలవు. మన కణాలలో పి-53 అనే కాపలాదారు జన్యువు ఉంటుంది. దెబ్బతిన్న కణాన్ని ఆపి, బాగుచేయించడం లేదా చనిపోయేలా చేయడం దాని పని. కొన్ని కణాలలో ఈ కాపలాదారే పాడవుతుంది. పైకి ఆ కణాలు మామూలుగానే కనిపిస్తాయి. ప్రత్యేకమైన రంగు వేస్తేనే తేడా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో కూడా ఇలాంటి కణాలు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ కాన్సర్‌గా మారవు.

రెండవ మెట్టు: కొద్దిమందిలో ఆ కణాలకు మరికొన్ని జన్యులోపాలు తోడవుతాయి. అప్పుడు అవి వరస తప్పి ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. వాటి కేంద్రకాలు పెద్దవవుతాయి, విభజన వేగం పెరుగుతుంది. ఇంకా పైపొర దాటి లోతుకు వెళ్లవు. ఈ దశను వైద్యులు 'స్టిక్' అంటారు. సాధారణంగా ఇది కంటికి కనిపించనంత చిన్నది.

మూడవ మెట్టు: ట్యూబు చివర పొట్టలోకి తెరుచుకుని ఉంటుంది. కణాలు రాలితే నేరుగా అండాశయం మీద, పొట్టలోని కొవ్వుపొర మీద పడతాయి. వాటికి అడ్డుగోడ ఏదీ లేదు. వ్యాధి తొందరగా వ్యాపించడానికి ఇదే ముఖ్య కారణం.

2017లో అమెరికా వైద్యులు కొద్దిమంది రోగుల కణాలలోని జన్యుమార్పులను లెక్కగట్టారు. స్టిక్ దశ నుండి అండాశయ కాన్సర్‌కు సగటున ఆరున్నర సంవత్సరాలు పట్టిందని అంచనా వేశారు. అక్కడి నుండి వ్యాపించడానికి సుమారు రెండేళ్లే పట్టింది.

అన్ని అండాశయ కాన్సర్లూ ఇలా పుట్టవు. పైన చెప్పింది హైగ్రేడ్ సీరస్ అనే రకం గురించి. ఎక్కువమందికి వచ్చేది, ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే. మరికొన్ని రకాలకు ఎండోమెట్రియోసిస్‌తో సంబంధం ఉంది. చిన్న వయసులో వచ్చే కొన్ని రకాలు అండకణాల నుండే పుడతాయి.

ముందుగా కనిపెట్టే పరీక్ష లేదా?

ఏ లక్షణమూ లేనివారిలో దీన్ని ముందుగా పట్టి ప్రాణం కాపాడుతుందని రుజువైన పరీక్ష ఇప్పటికీ లేదు. బ్రిటన్‌లో 2,00,000 మందికి పైగా స్త్రీలపై సి.ఎ.-125 రక్తపరీక్ష, స్కానింగ్‌లతో పెద్ద అధ్యయనం చేశారు. 2021లో వచ్చిన తుది ఫలితాల ప్రకారం ఆ పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదు. మిల్లీమీటరులో కొంత భాగమే ఉండే మార్పు స్కానింగ్‌లో కనబడదు కదా! పాప్ పరీక్ష కూడా దీనికి ఉద్దేశించినది కాదు.

మరి మనం చేయగలిగినది ఏమిటి?

కుటుంబ చరిత్ర తెలుసుకోండి. అమ్మ, అక్కచెల్లెళ్లు, పిన్ని, మేనత్త, అమ్మమ్మ, నానమ్మలలో ఎవరికైనా అండాశయ కాన్సర్ గానీ, చిన్న వయసులో రొమ్ము కాన్సర్ గానీ వచ్చిందా? తండ్రి వైపు వారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపమున్న జన్యువు తండ్రి నుండి కూడా వస్తుంది. బి.ఆర్.సి.ఎ-1 లోపం ఉన్న వందమందిలో సుమారు 40 మందికి జీవితకాలంలో అండాశయ కాన్సర్ రావచ్చు. బి.ఆర్.సి.ఎ-2 అయితే 15 నుండి 20 మందికి రావచ్చు. అండాశయ కాన్సర్ వచ్చిన వ్యక్తికే ముందుగా జన్యుపరీక్ష చేయించడం మంచిది. లోపం ఉందని తేలినవారు పిల్లలు పుట్టాక, బి.ఆర్.సి.ఎ-1 అయితే 35-40, బి.ఆర్.సి.ఎ-2 అయితే 40-45 ఏళ్ల మధ్య ట్యూబులు, అండాశయాలు తీయించుకోవాలని నిపుణుల సలహా.

ఆపరేషన్‌కు ముందు ట్యూబుల గురించి అడగండి. గర్భసంచి తీసేశారు కాబట్టి ఇక ఏ కాన్సరూ రాదని చాలామంది అనుకుంటారు. గర్భసంచి తీసినా అండాశయాలు, ట్యూబులు లోపలే ఉండవచ్చు. ఏమి తీశారో మీ డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. దానిని పారేయకండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. దీనివల్ల ప్రమాదం కొంత తగ్గుతుంది. అయితే సాధారణంగా ట్యూబు మధ్యలోనే కట్టి కత్తిరిస్తారు, కుచ్చులు అలాగే ఉండిపోతాయి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2010 నుండి, వేరే కారణంతో ఆపరేషన్ జరిగేటప్పుడే ట్యూబులను పూర్తిగా తీసి, అండాశయాలను ఉంచుతున్నారు. అలా తీయించుకున్నవారిలో ఈ రకం కాన్సర్ అనుకున్నదానికంటే తక్కువగా ఉందని 2022లో ప్రకటించారు. మీకు ఆపరేషన్ నిర్ణయమైతే ఈ విషయం సర్జన్‌తో మాట్లాడండి. అయితే కాన్సర్ భయంతో మాత్రమే గర్భసంచినీ అండాశయాలనూ తీయించుకోవద్దు. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

ఈ లక్షణాలను తేలిగ్గా తీసుకోవద్దు:

- పొట్ట ఉబ్బరం, చీర లేదా లంగా నడుము దగ్గర బిగుతు కావడం
- నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టు ఉండటం
- పొత్తికడుపులో నొప్పి
- మాటిమాటికీ మూత్రం రావడం
- ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడటం

గ్యాస్ వల్ల కూడా పొట్ట ఉబ్బుతుంది. అయితే అది వచ్చిపోతుంది. ఈ బాధలు కొత్తగా మొదలై, దాదాపు ప్రతిరోజూ ఉంటూ, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే గ్యాస్ మాత్రలతో కాలయాపన చేయకండి. రక్తం కనబడితే ఒక్కసారైనా సరే, వెంటనే రండి. ముఖ్యంగా 50 ఏళ్లు దాటినవారు స్త్రీ వైద్యనిపుణురాలికి చూపించుకోవాలి. పైన చెప్పిన పరీక్షలు లక్షణాలు ఉన్నవారికి తప్పక ఉపయోగపడతాయి.

ఇంట్లో వండిపెట్టే మనిషి తన నొప్పిని చివరికి వాయిదా వేసుకుంటుంది. అమ్మ అన్నం తగ్గించిందని గమనించేది పక్కన కూర్చుని తినేవారే. ఈ పేజీని ఇంట్లో మగవారు కూడా చదవాలని కోరుతున్నాం.