వెనుకడుగులోని వ్యాయామం

వెనుకడుగు వేయడమంటే మన నుడికారంలో ఓటమిని ఒప్పుకోవడం. వ్యాయామ శాస్త్రంలో మాత్రం దానికి మంచి పేరే ఉంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడిని గమనించండి. ఎదుటి జట్టు మీది నుంచి చూపు మరల్చకుండా మధ్యగీత వైపు వెనక్కే జరుగుతాడు. ఫుట్‌బాల్ రిఫరీకి, తల మీదుగా పోయే బంతిని అందుకోవాలనుకునే క్రికెట్ ఫీల్డరుకు కూడా ఈ విద్య తప్పదు. అయినా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మైదానాలలో ఎవరైనా వెనక్కి నడిస్తే వింతగా చూసేవారే ఎక్కువ.

వింత లేకపోలేదు. మన దేశానికి చెందిన అరవింద్ పాండ్యా 1984లో లాస్ ఏంజిలిస్ నుంచి న్యూయార్క్ దాకా 107 రోజులలో వెనక్కి పరుగెత్తి గిన్నిస్ పుస్తకానికెక్కారు. అటువంటి సాహసం మన ఇళ్లకు అక్కర లేదు. మేము చెప్పదలచింది రోజుకు పది నిమిషాల సంగతి.

ముందుకు పరుగెత్తేటప్పుడు చాలామందికి మడమ మొదట నేలను తాకుతుంది. ఆ అదురు మోకాలికి చేరుతుంది. వెనక్కి పరుగెత్తేటప్పుడు మునివేళ్లు మొదట ఆనుతాయి, మడమ ఆ తర్వాత దిగుతుంది. పిక్కలు, చీలమండలు అదురును చాలావరకు మింగేస్తాయి. మోకాలిచిప్ప మీద ఒత్తిడి తగ్గుతుంది, తొడ ముందరి కండరాలకు పని పెరుగుతుంది. అదే వేగంతో ముందుకు పరుగెత్తడం కంటే సుమారు 30 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు యువతులకు 6 వారాలు ఇలా శిక్షణ ఇచ్చి, 2005లో ఫలితాలు ప్రకటించారు. ఆ యువతుల ఒంట్లో కొవ్వు శాతం కొంత తగ్గింది. మామూలు పరుగులో వారికి అవసరమయ్యే ప్రాణవాయువు కూడా తగ్గింది. పాల్గొన్నవారు కొద్దిమందే కనుక దీనిని బరువు తగ్గించే మంత్రంగా భావించనక్కరలేదు.

మా దృష్టిలో అంతకన్నా విలువైన ప్రయోజనం శరీర సమతౌల్యం. వెనక్కి కదిలేటప్పుడు కళ్లు దారి చూపలేవు. అరికాళ్లు, కీళ్లు, లోపలి చెవి అందించే సమాచారం మీదనే మెదడు ఆధారపడాలి. ఆ సాధన పెద్దవయసులో అక్కరకొస్తుంది. వృద్ధులు తూలిపడే ప్రమాదాన్ని ముందునడక వేగం కంటే వెనుకనడక వేగమే బాగా పసిగట్టిస్తుందని వైద్య పరిశోధకులు గుర్తించారు. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. తలుపు తెరుస్తూ, పొయ్యి దగ్గర నుంచి తప్పుకుంటూ, నమాజు వరుసలో చోటిస్తూ మనం ఎన్నిసార్లు వెనక్కి జరుగుతామో లెక్కలేదు.

ధర్మవరంలో గుంట మగ్గం ముందు కూర్చునే నేతకారుడు గుంటలోకి కాళ్లు దించి, తొక్కుతూ, నడుము వంచి గంటల తరబడి గడుపుతాడు. హిందూపురం బజారులో గల్లా వద్ద కూర్చునే వ్యాపారికి ఆ తొక్కుడు కూడా ఉండదు. ఇద్దరికీ తుంటి ముందుభాగం బిగుసుకుపోతుంది. వెనక్కి వేసే ప్రతి అడుగూ దానిని సాగదీస్తుంది. పెనుకొండ కోట ఎక్కి దిగినవారికి మరో సంగతి తెలుసు: ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి. దిగేటప్పుడు శరీరాన్ని నిలువరించేది తొడ ముందరి కండరాలే. వెనుకనడక వాటినే బలపరుస్తుంది. అలాగని కొండదారిలోనే సాధన చేయరాదు.

మొదటి రెండు, మూడు వారాలు నడకే చాలు, పరుగు వద్దు. ఫజ్ర్ తర్వాత ఖాళీగా ఉండే చదునైన మైదానం శ్రేష్ఠం. రోడ్డు ఎంతమాత్రం పనికిరాదు. ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు ముందుకు నడుస్తూ మరొకరికి దారి చెప్పడం సురక్షితం. ఇరవై అడుగులు వెనక్కి, మళ్లీ ముందుకు. మాటిమాటికీ మెడ తిప్పితే నడక వంకర పోతుంది. కాబట్టి నేలను ముందే పరిశీలించుకోవాలి. మరునాడు పిక్కలు పట్టేస్తే ఒక రోజు విరామం ఇవ్వాలి. ఆటలాడే పిల్లలు అలవాటయ్యాక మెల్లగా పరుగు అందుకోవచ్చు.

తలతిరుగుడు ఉన్నవారు, మధుమేహంతో అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు, గర్భవతులు, ఇదివరకే పడిపోయిన వృద్ధులు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టరాదు. ఇల్లు దాటడానికి వీలుపడని స్త్రీలు నడవాలో, వాకిట్లో గోడకు చేయి ఆనించుకుని పది అడుగులతో ఆరంభించవచ్చు. పిట్టగోడ లేని మిద్దె మీదకు మాత్రం వెళ్లవద్దు. వాకిలి కడిగిన రోజున నేల పూర్తిగా ఆరేదాకా ఆగాలి.