పచ్చచుక్క వేరు, వీగన్ ముద్ర వేరు

పాలు పడని బిడ్డను వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చే తల్లులు సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి, "దీనిమీద పచ్చచుక్క ఉందండీ, పెట్టవచ్చా?" అని అడుగుతుంటారు. ఈమధ్య మరో ప్రశ్న కూడా వినబడుతోంది. ఇంట్లో లడ్డూలు, చిక్కీలు, కారప్పొడులు చేసి అమ్ముకునే అక్కచెల్లెళ్ళు, "మా సరుకు మీద వీగన్ అని వేసుకోవచ్చా? దానికి ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలి?" అని అడుగుతున్నారు. కొనేవారికీ, అమ్మేవారికీ కూడా ఉపయోగపడేలా ఈ రెండు సంగతులనూ కలిపి ఇక్కడ వివరిస్తున్నాము.

వీగన్ అంటే ఏమిటి?

మాంసం, చేప, గుడ్డుతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, పన్నీరు, తేనె కూడా మానేసి, జంతువుల నుండి వచ్చినదేదీ ముట్టకుండా తినే పద్ధతిని వీగన్ ఆహారం అంటారు. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి వీగన్ సొసైటీని స్థాపించారు. ఈ మాట అప్పుడు పుట్టిందే. మన ఇళ్ళల్లో శాకాహారం అంటే పాలూ పెరుగూ ఉన్న భోజనమే కాబట్టి, ఈ తేడా మనకు వెంటనే తట్టదు.

మన చట్టం కూడా అలాగే ఉంది. పొట్లం మీద చదరంలో కనిపించే పచ్చచుక్క, అందులో మాంసం, చేప, గుడ్డు లేవని మాత్రమే చెబుతుంది. పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క వంటివి ఉన్నా పచ్చచుక్క వేయవచ్చు. అందుకే పాలకోవా పొట్లం మీదా పచ్చచుక్కే ఉంటుంది. పాలు పడని బిడ్డకు ఆ చుక్కను చూసి ఏదీ పెట్టకూడదు.

2022లో వచ్చిన నియమాలు

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.) 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేకంగా నియమాలు ప్రకటించింది. దీనికి వేరే గుర్తు ఉంది: పచ్చని చదరంలో ఆకు తొడిగిన ఇంగ్లీషు 'వి' అక్షరం, దాని కింద వీగన్ అన్న మాట.

ఆ నియమాల సారాంశం ఇది. సరుకులో కలిపే ముఖ్య పదార్థాలే కాదు, రంగులు, వాసన ద్రవ్యాలు, ఎంజైములు, తయారీలో సాయంగా వాడి తర్వాత తీసివేసే పదార్థాలు కూడా జంతువుల నుండి వచ్చినవి కాకూడదు. ఏ దశలోనూ వాటిని వాడి ఉండకూడదు. ప్రభుత్వ నియంత్రణ సంస్థలు కోరినప్పుడు తప్ప, ఆ సరుకు కోసం జంతువులపై పరీక్షలు జరిపి ఉండకూడదు.

చదవడానికి ఇది తేలికగానే ఉంటుంది. ఆచరణలో చాలామంది చిక్కుకునేది చిన్న చిన్న విషయాల దగ్గరే. సున్నుండల్లో నెయ్యికి బదులు నువ్వులనూనె పోశాం కదా అనుకుంటారు. ఉండ చుట్టేటప్పుడు అరచేతికి రాసుకునేది మాత్రం నెయ్యే. చిక్కీ పరిచే పళ్ళేనికి పూసేదీ నెయ్యే. బజారులో కొన్న మసాలాలోనో, చాక్లెట్‌లోనో పాలపొడి ఉండవచ్చు. ఈ కింది పేర్లు కనబడితే ఆగి చూడాలి:

- కేసీన్, వే పొడి, లాక్టోజ్: ఇవి పాల నుండి వస్తాయి.
- జెలటిన్: జంతువుల ఎముకలు, చర్మం నుండి తీస్తారు.
- కార్మైన్ అనే ఎర్రరంగు: ఒక రకం పురుగుల నుండి తీస్తారు.
- షెలాక్: లక్క పురుగు నుండి వచ్చేది. మిఠాయిలు నిగనిగలాడడానికి పూత వేస్తారు.
- డి3 విటమిన్: ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుండి తయారవుతుంది. నాచుమొక్కల నుండి తీసినదీ దొరుకుతుంది.

అనుమతి కోసం ఏం చేయాలి?

1. ముందుగా ఆహార వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. అది లేకుండా ఏ ముద్రకూ దారి లేదు.

2. ఒక్కొక్క సరుకుకు విడిగా పట్టిక రాయాలి. అందులో పడే ప్రతి వస్తువు పేరు, అది ఎవరి దగ్గర కొన్నదీ ఉండాలి. అమ్మినవారి నుండి ఇందులో జంతు సంబంధమైనది లేదని రాతపూర్వకంగా తీసుకోవాలి. సరుకు మూలం వరకూ వెనక్కి వెళ్ళి చూపగలగాలని నియమం.

3. అదే వంటగదిలో నేతి మిఠాయిలు కూడా చేస్తుంటే చట్టం వద్దనదు. కాని వీగన్ సరుకు మొదలుపెట్టే ముందు రోళ్ళు, మిక్సీలు, బాణలులు, పళ్ళేలు, గరిటెలు పూర్తిగా శుభ్రం చేయాలి. వీలైతే విడిగా ఒక జత పెట్టుకోవడం మేలు. వారంలో ముందుగా వీగన్ సరుకు చేసి, తర్వాత నేతివి చేసుకుంటే తారుమారయ్యే అవకాశం తగ్గుతుంది.

4. ఈ కాగితాలతో ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ.కి దరఖాస్తు చేసి, అనుమతి వచ్చిన తర్వాతే పొట్లం మీద గుర్తు వేయాలి. ముందే వేల సంచులు అచ్చు వేయించి డబ్బు పోగొట్టుకోవద్దు.

5. దుకాణంలో వీగన్ సరుకును మిగతా సరుకుతో కలిపేయకుండా, విడిగా తెలిసేలా పెట్టాలి.

విదేశాల్లో అమ్మదలచిన వారు వీగన్ సొసైటీ వారి పొద్దుతిరుగుడు పువ్వు ముద్ర వంటి ప్రైవేటు ముద్రలు కూడా తీసుకుంటారు. ఆ ముద్ర 1990లో మొదలైంది. వారు కంపెనీ మొత్తానికి కాక ఒక్కొక్క సరుకును పరిశీలించి, రుసుము తీసుకుని ఇస్తారు. కాబట్టి ఒక లడ్డూకు ముద్ర వచ్చిందని దుకాణం బోర్డు మీద 'అంతా వీగన్' అని రాయకూడదు. మన దేశంలో అమ్మడానికి మాత్రం ప్రభుత్వ నియమాలు పాటించక తప్పదు.

మరో మాట. సోయా, బాదం పానీయాలను 'పాలు' అని పేరు పెట్టి అమ్మడాన్ని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2021లో అభ్యంతరపెట్టింది. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న కొబ్బరిపాలు వంటి పేర్లకు ఇబ్బంది లేదు.

ముద్ర చెప్పనిది

వీగన్ ముద్ర అలర్జీ ఉన్నవారికి ఇచ్చే హామీ కాదు. పాలు అరగక కడుపుబ్బరం, విరేచనాలు వచ్చేవారికి లేశమాత్రం పాలు తగిలితే పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు. నిజమైన పాల అలర్జీ అలా కాదు. ఒంటిమీద దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం నిమిషాల్లో వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. 2017 డిసెంబరులో బ్రిటన్‌లో పాల అలర్జీ ఉన్న ఒక స్త్రీ, పాలు లేని కొబ్బరి పెరుగు వేశారని నమ్మి ఒక రొట్టె తిని మరణించారు. ఆ పెరుగు తయారీకి వాడిన పిండిపదార్థంలో పాల ప్రొటీను కలిసిపోయిందని 2022లో జరిగిన విచారణలో తేలింది. తెలిసి ఎవరూ పాలు పోయలేదు. ఎక్కడో కొన్న ఒక్క పదార్థంలోంచి అవి వచ్చాయి. పైన చెప్పిన రెండో అంశం కేవలం కాగితాల పని కాదని ఇందువల్లనే అంటున్నాము.

అందుచేత అలర్జీ ఉన్నవారు ముద్రతో సరిపెట్టుకోక, పొట్లం మీద అలర్జీ హెచ్చరిక విడిగా చదవాలి. నేతి మిఠాయిలు చేసే చోటే తయారైతే ఆ సంగతి పొట్లం మీద రాయడం అమ్మేవారి బాధ్యత. వీగన్ సరుకుల్లో ఎక్కువగా వాడే వేరుశెనగ, జీడిపప్పు, సోయా కూడా కొందరికి పడవని గుర్తుంచుకోవాలి.

ఆరోగ్యం సంగతి

వీగన్ అని రాసినంత మాత్రాన అది బలమైన ఆహారం కాదు. పంచదార, నూనె ఎక్కువైన బిస్కెట్ కూడా వీగన్ కావచ్చు. పాలు, గుడ్లు, మాంసం అన్నీ మానేసేవారు ముఖ్యంగా బి12 విటమిన్ విషయంలో జాగ్రత్తపడాలి. పెద్దవారికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కొంచెం పైన మాత్రమే, కాని మొక్కల ఆహారంలో అది నమ్మదగినంతగా దొరకదు. పులిసిన ఇడ్లీపిండితో ఆ లోటు తీరదు. కాలేయంలో నిల్వ ఉండడం వల్ల లోపం కొన్నేళ్ళకు గాని బయటపడదు. నీరసం, రక్తహీనత, కాళ్ళుచేతుల తిమ్మిర్లు, మతిమరుపు కనబడితే రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుల సలహాతో బి12 మాత్రలు తప్పక వాడాలి. తల్లికి లోటైతే బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది.

ఏడాదిలోపు పసివారికి తల్లిపాలకు బదులుగా బాదం, సోయా, బియ్యపు పానీయాలు పట్టవద్దు. మందుల గొట్టాల్లో జెలటిన్, మాత్రల్లో లాక్టోజ్ ఉందని తెలిసి మందు మానేయనూ వద్దు. ఆ మాట మీ డాక్టరుగారితో చెప్పండి. మార్పు వీలైతే వారే రాసిస్తారు.

పాలు పడని బిడ్డ ఉన్న తల్లులు వచ్చేసారి మా దగ్గరకు వచ్చేటప్పుడు బిడ్డకు పెడుతున్న పొట్లాలన్నీ తెచ్చి చూపించండి. వాటి మీది అక్షరాలు కలిసి చదువుదాం.